ఎండకు కమిలిన మేను - గృహచికిత్స

వేసవి వచ్చినదన్న మన స్త్రీలకు మేడమీదనే పని. వడియములు పెట్టుట, అప్పడములు ఆరవేయుట, మిరపకాయలు ఎండబెట్టుట, ఇవన్నియు ఎండ తీక్ష్ణముగా నున్నవేళనే జరుగవలెను. పని ముగించి దిగివచ్చునప్పటికి బాధ యేమియు తోచదు. సాయంకాలమునకు మెడవెనుక, భుజములు, ముంజేతులు మండ నారంభించును. రాత్రి పక్కమీద ఒత్తిగిలుటకైన వీలుండదు.

ఈ మంట కేవలము వేడివలన గలిగినది కాదు. సూర్యకాంతిలో కంటి కగపడని అతినీలలోహిత కిరణములు గలవు. జర్మనీ దేశీయుడగు రిట్టరు 1801వ సంవత్సరమున వీనిని కనుగొనెను. ఇవి చర్మకణములను గాయపరచును. కావుననే చల్లగాలి వీచుచున్నను, పలుచని మబ్బు పట్టియున్నను మేను కమలుచుండును. మంట కొన్ని గంటలకు బయలుదేరి, 12 మొదలు 24 గంటలలో అతిశయించును. "నల్లనివారి నెండ యేమి చేయును?" అనుట పొరపాటు. చామనచాయకు కొంత రక్షణ గలదు గాని, ఎఱ్ఱదనము స్పష్టముగా కానరాకపోవుటచే మనము గుర్తింపము. ముట్టిన వేడి, బిగువు, నొప్పి, ఇవియే గుర్తులు.

రెండేండ్ల క్రిందట మా చిన్నమ్మాయి నాతో మధ్యాహ్నమంతయు వడియములు పెట్టినది. రాత్రి మంట యని యేడ్వగా, చలువచేయునని తలచి నేనే నిమ్మరసము రాచితిని. మరునాడు పిల్ల మరల ఎండలో ఆడుకొన్నది. తరువాత రసము కారిన చారల వెంబడి బొబ్బలు లేచినవి. నిమ్మరసము సోకిన చర్మమునకు ఎండ తగిలిన బొబ్బ లెక్కునని వైద్యురాలు చెప్పువరకు నే నెరుగను. ఆ మచ్చలు మాయుటకు నెలలు పట్టినవి. నా తప్పు మరియొక తల్లి చేయకుండుటకే యీ నాలుగు మాటలు.

సోదరీమణులారా, మొదటి మందు కుండనీరే. కమిలినవారిని వెంటనే నీడకు తెచ్చి, మెత్తని నూలుగుడ్డ కుండనీటిలో తడిపి, పిండి, పది పదునైదు నిమిషములు వేయవలెను. దినమునకు పలుమార్లు ఇట్లు చేయవచ్చును. పిమ్మట తుడువక, అద్ది, కొంచెము తడి యుండగనే కలబంద గుజ్జు పూయవలెను. మట్టను కోసి, పచ్చని జిగురు కారిపోనిచ్చి, కడిగి, లోని గుజ్జును మాత్రమే గైకొనవలెను. ఆ జిగురు దురద పుట్టించును. మొదట కొద్దిచోట రాచి చూచుట మంచిది. మంచినీరు, మజ్జిగ, గంజి తరచుగా ఇయ్యవలెను.

మంచుగడ్డ నేరుగా పెట్టరాదు. మంట యున్నంతవరకు నేయి, వెన్న, నూనె రాయరాదు. అవి వేడిని పోనీయవు. సున్నిపిండితో రుద్దరాదు. బొబ్బలు చిదుపరాదు, ఊడు పొరలు లాగరాదు. మానువరకు ఆ భాగమునకు ఎండ తగులనీయరాదు.

ఏడాది నిండని బిడ్డకు మేను కమిలినను, విస్తారముగా బొబ్బలు లేచినను, జ్వరము, వాంతులు, చలి కలిగినను వైద్యుని చూపవలెను. మాట తడబడి, తెలివి తప్పుచున్నచో అది వడదెబ్బ, ప్రాణాపాయము. వెంటనే 108కి ఫోను చేసి, వాహనము వచ్చులోపల ఒంటిపై నీళ్లు చల్లుచు విసరుచుండవలెను. తెలివిలేనివారి నోట నీరు పోయరాదు.

అన్నిటికంటె నివారణమే మేలు. మన నీడ మనకంటె పొట్టిగా నున్నంతసేపు ఎండ తీక్ష్ణమైనదని యెరుగవలెను. వడియముల పని తెల్లవారుజామున ముగించుకొని, తలపై చెంగు, చేతులకు నిండు రవిక ధరించినచో చాలును. పిండి ఎండవలెను గాని, పెట్టిన యిల్లాలు ఎండనక్కరలేదు గదా!