బోరు పెంచితే బలం పెరుగుతుందా?

కారు సత్తా అంతా సీసీలోనే ఉందన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. చిన్న కారుకి పికప్ చాలడం లేదనిపిస్తే చాలు, ఇంజన్‌ని పెద్దది చేయిస్తే సరిపోతుందన్న ఆలోచన వచ్చేస్తుంది. నిజానికి సీసీ అన్నది ఒక చోటు కొలత మాత్రమే. నాలుగు పిస్టన్లూ పైనుంచి కిందికి దిగినప్పుడు సిలిండర్లలో ఏర్పడే ఖాళీనంతా కలిపితే వచ్చే లెక్క అది. ఆ ఖాళీలోకి ప్రతి విడతా ఎంత గాలి చేరుతోందన్నది వేరే సంగతి. బలం పుట్టేది ఆ గాలి నుంచే, ఎందుకంటే చేరిన గాలికి సరిపడా పెట్రోలే లోపల మండగలదు. పాత కార్బ్యురేటర్ ఎస్టీమ్ 1298 సీసీతో 65 హార్స్‌పవర్ ఇచ్చేది. తర్వాత అదే బోరు (సిలిండర్ వెడల్పు), అదే స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉంచి, 8 వాల్వుల హెడ్డు బదులు 16 వాల్వుల హెడ్డు, కార్బ్యురేటర్ బదులు ఇంజెక్షన్ పెడితే 85 అయింది. స్విఫ్ట్‌లో 2010లో సీసీ 1298 నుంచి 1197కి తగ్గింది. పవర్ 87 నుంచి 85కి దిగింది, టార్క్ మాత్రం 113 న్యూటన్ మీటర్ల దగ్గరే నిలిచింది.

ఇదంతా కొత్త టెక్నాలజీ గొప్పే అనేవారికి అరవై ఏళ్ల కిందటి ఇంగ్లండ్ మంచి జవాబు చెబుతుంది. బీఎంసీ కంపెనీ ఏ-సిరీస్ ఇంజన్ 1951లో ఆస్టిన్ ఏ30లో 803 సీసీతో మొదలై, క్రమంగా 1275 దాకా పెరిగింది. మన అంబాసిడర్‌లో 1489 సీసీతో ఏళ్ల తరబడి నడిచిన బీ-సిరీస్ దీనికి అన్న వరస. 1960ల్లో మినీ కార్లలో ఈ ఇంజన్ ఇంచుమించు వెయ్యి సీసీలోనే మూడు రకాలుగా దొరికేది. మామూలు 998 సీసీ ఇంజన్ 38 హార్స్‌పవర్ ఇచ్చేది. అదే 998 సీసీ కూపర్‌లో జంట కార్బ్యురేటర్లతో, వేరే కామ్‌తో 55 ఇచ్చేది. పెద్ద వాల్వులు పెట్టి, 6,500 ఆర్‌పీఎం దాకా తిరిగేలా చేసిన కూపర్ ఎస్ 65 ఇచ్చేది. ఆ కూపర్ ఎస్ 970 సీసీయే. మూడింట్లో చిన్నదే అన్నిటికన్నా బలమైనది. ఇంజన్‌కి ఊపిరి ఆడేది హెడ్డులోంచి, మానిఫోల్డ్‌లోంచి. అక్కడ దారి ఇరుకుగా ఉన్నప్పుడు కింద గది పెంచితే ఆ ఇరుకే ఇంకా ముందుగా అడ్డం వస్తుంది.

ఇంజన్ బోరుకొచ్చినప్పుడు ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయిస్తే బండి బలం పెరుగుతుందన్న మాట కూడా ఇలాంటిదే. ఎస్టీమ్ బోరు 74 మిల్లీమీటర్లు. దాన్ని అర మిల్లీమీటరు పెంచితే 1298 సీసీ 1316 అవుతుంది. పెరిగింది 18 సీసీ, ఒకటిన్నర శాతం కూడా కాదు. ఆ 65 హార్స్‌పవర్ మీద ఇది ఒక్క హార్స్‌పవర్‌కి కూడా సరిపోదు. కానీ బోరింగ్ చేయించాక బండి నిజంగానే ఉరుకుతుంది కదా అంటే, ఉరుకుతుంది. అరిగిపోయిన గోడల పక్కనుంచి కారిపోతున్న కంప్రెషన్ కొత్త రింగులతో తిరిగి నిలబడుతుంది. హెడ్డు దింపారు కాబట్టి వాల్వులు కూడా గ్రైండింగ్ చేస్తారు. పోయిన బలం తిరిగి వచ్చిందంతే. అది రిపేరు, ఆ మాటకొస్తే చాలా మంచి రిపేరు. బలం పెంచడం అనుకుని చేయిస్తేనే తేడా.

స్ట్రోకు పొడవైతే లాగుడు పెరుగుతుందన్నది కాస్త చదువుకున్నవాళ్లలో ఉన్న అపోహ. క్రాంకు మీద పట్టు పెరుగుతుందన్నంత వరకు అది నిజం. కానీ సీసీ మారకుండా స్ట్రోకు పెరగాలంటే పిస్టన్ వెడల్పు తగ్గాలి. వెడల్పు తగ్గితే దాని మీద పడే తోపు కూడా అంతే తగ్గుతుంది, లెక్క సమానమైపోతుంది. మొదటి మినీ కూపర్ 997 సీసీ, స్ట్రోకు 81.28 మిల్లీమీటర్లు. 1964లో దాని స్థానంలో వచ్చిన 998 సీసీ ఇంజన్ స్ట్రోకు 76.2 మాత్రమే. రెండింటిదీ 55 హార్స్‌పవరే. పొట్టి స్ట్రోకు ఇంజనే కాస్త ఎక్కువ టార్క్‌ని, అదీ తక్కువ ఆర్‌పీఎంలోనే ఇచ్చింది. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 16 మీటర్ల పైనుంచి 15 దరికి దిగింది, దాంతో భాగాల మీద భారం కూడా తగ్గింది.

అయితే సీసీ పెంచడం దండగేనా? కాదు. 970 కూపర్ ఎస్‌కీ 1275 కూపర్ ఎస్‌కీ బోరు ఒకటే, తేడా స్ట్రోకులోనే. సీసీ 31 శాతం పెరిగితే పవర్ 65 నుంచి 76కి, అంటే 17 శాతం పెరిగింది. టార్క్ అంతకన్నా బాగా పెరిగి, 3,000 ఆర్‌పీఎం దగ్గరే అందింది. ఊళ్లో, ఎత్తుల మీద నడపడానికి అది పెద్ద మేలు. కాకపోతే ఆ మేలు కోసం ఫ్యాక్టరీ ఎంత తిప్పలు పడిందో చూడాలి. కూపర్ ఎస్ బోరు 70.61 మిల్లీమీటర్లకి పెంచడానికి బ్లాకులో సిలిండర్ల చోటే జరపాల్సి వచ్చింది. హెడ్డు దింపిన ఏ చిన్న ఇంజన్ బ్లాకునైనా పైనుంచి చూడండి. రెండు బోర్ల నడుమ మిగిలేది సన్నని గట్టు. హెడ్ గ్యాస్కెట్ అతుక్కుని మంటని ఆపాల్సింది ఆ గట్టు మీదే. బోరు పెంచిన ప్రతిసారీ తరిగేది అదే, దానితోపాటు నీళ్ల వైపున్న గోడ మందం.

స్ట్రోకు దారి ఇంకా కష్టం. ఎస్టీమ్ ఇంజన్ స్ట్రోకు 75.5, అదే కుటుంబంలోని 1590 సీసీ బలెనో ఇంజన్‌ది 90 మిల్లీమీటర్లు. ఆ క్రాంకునే ఎస్టీమ్‌లో వేస్తే, రాడ్డూ పిస్టనూ మారకపోతే, పిస్టన్ తల 7.25 మిల్లీమీటర్లు ఎక్కువ పైకొచ్చి హెడ్డుకి తగులుతుంది. అందుకే బలెనో ఇంజన్‌కి సుజుకి బ్లాకు ఎత్తే పెంచింది. అన్నీ కుదిరినా కంప్రెషన్ లెక్క ఒకటి మిగులుతుంది. సిలిండర్ 250 సీసీ, హెడ్డులో గది 31.25 సీసీ అయితే రేషియో 9. గది మార్చకుండా సిలిండర్‌ని 275 చేస్తే 9.8. మామూలు పెట్రోలుతో, మన ఎండల్లో నాకింగ్ మొదలయ్యేది ఇలాగే. గది పెంచి, జెట్లో ఇంజెక్షనో సరిచూసుకున్నాకే పని పూర్తయినట్టు. ఇక ఆర్సీలో రాసి ఉన్న సీసీ కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది.