లీవర్ మురిపిస్తుంది... ట్రిగ్గర్ తేలుస్తుంది

నూట అరవై ఏళ్లు దాటిన యంత్రం. అయినా అమెరికా తుపాకీ దుకాణాల్లో లీవర్-యాక్షన్ రైఫిల్‌కు గిరాకీ తగ్గలేదు. కొనడానికి వచ్చినవాళ్లు పేరు చూస్తారు, కర్ర నిగారింపు చూస్తారు, లీవర్ ఆడించి ముచ్చటపడతారు. తుపాకీ ఏ ఏడాది తయారైందో, ట్రిగ్గర్ నొక్కితే ఎలా విడుస్తోందో చూసేవాళ్లు మాత్రం తక్కువ.

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’తో కృష్ణ తెలుగు తెర మీదికి కౌబాయ్‌ని తెచ్చారు. ఆ తర్వాత ‘కొదమ సింహం’లో చిరంజీవి, ‘టక్కరి దొంగ’లో మహేష్‌బాబు అదే టోపీ పెట్టుకున్నారు. ఈ బాణీకి మూలమైన హాలీవుడ్ సినిమాల్లో హీరో చేతిలో ఒక పొడవాటి తుపాకీ తరచూ కనిపిస్తుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని కిందికి తోసి పైకి లాగితే చాలు. కాల్చేసిన తూటా తొడుగు ఎగిరి బయటపడుతుంది, కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది, వెనకనున్న హ్యామర్ వాలి సిద్ధంగా నిలుస్తుంది. లీవర్-యాక్షన్ అంటే ఇదే.

తెర మీద ఇంతవరకే చూపిస్తారు. దుకాణంలో కౌంటర్ ముందు నిలబడినవాడికి అసలు పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. పక్క షెల్ఫులో అదే ధరకు, ఒక్కోసారి సగం ధరకే, చేత్తో బోల్ట్‌ను వెనక్కి లాగి ముందుకు తోసే ఆధునిక బోల్ట్-యాక్షన్ రైఫిల్ ఉంటుంది. దాని ట్రిగ్గర్ వేలు పెట్టగానే తేలిగ్గా విడుస్తుంది. లీవర్ తుపాకీది గట్టిగా, కొంత గరుకుగా తగులుతుంది. అంత డబ్బు పెట్టి ఈ మొరటు ట్రిగ్గర్ ఎందుకనే సందేహం అక్కడే పుడుతుంది.

చొక్కాల వ్యాపారి సొత్తు

లీవర్ తుపాకీకి పేరు తెచ్చిన ఆలివర్ వించెస్టర్ తుపాకులు చేసే పనివాడు కాదు, చొక్కాలు కుట్టించి అమ్మిన వ్యాపారి. దెబ్బతిన్న ఒక తుపాకీ కంపెనీని 1857లో చేజిక్కించుకుని, కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో కొత్త పేరుతో నడిపించాడు. అక్కడ పనిచేసిన బెంజమిన్ టైలర్ హెన్రీకి 1860లో పేటెంట్ వచ్చింది. ఒక్కో గుండు పేల్చాక మళ్లీ గొట్టం మూతి నుంచి మందు దట్టించుకోవాల్సిన కాలంలో, హెన్రీ రైఫిల్ గొట్టపు మ్యాగజైన్‌లో 16 తూటాలు పట్టేవి. వించెస్టర్ 1866 మోడల్‌కు పక్కనుంచి తూటాలు ఎక్కించే కిటికీ వచ్చింది. 1873 మోడల్ వాడే .44-40 తూటానే కోల్ట్ రివాల్వర్ కూడా వాడటంతో ఒకే సంచి తూటాలు రెండు తుపాకులకూ సరిపోయాయి. ఆ తర్వాత జాన్ మోసెస్ బ్రౌనింగ్ గీసిన 1894 మోడల్ మరుసటి ఏడాదే పొగరాని మందుతో .30-30 తూటాకు మారింది. దట్టమైన అడవిలో, నూట యాభై గజాల లోపు జింకల వేటకు అది ఎంతగా కుదిరిందంటే, ఇప్పటికి 70 లక్షలకు పైగా తయారైంది.

లీవర్ తుపాకీ ట్రిగ్గర్ మీద కొనేవాళ్ల పట్టింపు కొత్తదేమీ కాదు. 1870ల నడుమ వించెస్టర్ ఒక ప్రత్యేక శ్రేణిని అమ్మకానికి పెట్టింది. పరీక్షలో బాగా గురి కుదిరిన గొట్టాలను ఏరి, వాటికి మేలురకం ముస్తాబుతో పాటు ‘సెట్ ట్రిగ్గర్’ బిగించి, ‘వెయ్యిలో ఒకటి’ అని చెక్కించి 100 డాలర్లకు ఇచ్చేది. సెట్ ట్రిగ్గర్‌ను ముందు ఒకసారి సిద్ధం చేసుకుంటే తర్వాత కొద్దిపాటి స్పర్శకే హ్యామర్ విడుదలవుతుంది. 1873 మోడల్‌లో అలాంటివి నూట యాభై కూడా తయారు కాలేదు. 1950లో జేమ్స్ స్టీవార్ట్ నటించిన ‘వించెస్టర్ 73’ కథంతా అలాంటి ఒక రైఫిల్ చుట్టూనే తిరుగుతుంది.

ఒకే పేరు, వేరు వేరు తుపాకులు

పాత సరుకు బజారులో పేరుకన్నా ఏడాది ముఖ్యం. ఖర్చు తగ్గించుకోవడానికి వించెస్టర్ 1964లో తయారీ పద్ధతి మార్చింది. మర ఆడించి మలిచే కొన్ని భాగాల స్థానంలో రేకు అచ్చుతో కొట్టినవి వచ్చాయి. ‘64కు ముందుది’ అన్న మాట పలికితే చాలు, నేటికీ ధర పెరుగుతుంది. న్యూహేవెన్ కర్మాగారం 2006లో మూతపడింది. ఇప్పుడు వించెస్టర్ పేరుతో వస్తున్న లీవర్ రైఫిళ్లను జపాన్‌లో మిరోకు కంపెనీ చేస్తోంది. విడిభాగాల అమరిక, నునుపు బాగుంటాయని వాటికి పేరు. అయితే కొన్ని మోడళ్లలో పిడి మీద చేర్చిన సేఫ్టీ బటన్ పాతకాలపు అభిమానులకు కంట్లో నలుసు.

లీవర్ రైఫిళ్లు చేసే మరో కంపెనీ మార్లిన్ కథ ఇంకా మలుపులు తిరిగింది. 1948లో వచ్చిన దాని 336 మోడల్, వాడుకలో ‘వించెస్టర్ 94’ అనే 1894 మోడల్‌కు సిసలైన పోటీదారు. ఖాళీ తొడుగు పైకి కాకుండా పక్కకు పడుతుంది కాబట్టి దీని మీద దుర్భిణి బిగించడం సులువు. ఈ కంపెనీని 2007 చివర్లో మరో తుపాకుల సంస్థ రెమింగ్టన్ కొన్నది. కనెటికట్‌లోని పాత కర్మాగారం మూసి, యంత్రాలను న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కు తరలించింది. ఆ తొలి ఏళ్లలో వచ్చిన తుపాకుల మీద వంకర సైట్లనీ, కర్రకూ ఇనుముకూ మధ్య సందులనీ కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. రెమింగ్టన్ దివాలా తీశాక 2020లో రూగర్ అనే తుపాకుల కంపెనీ మార్లిన్‌ను దక్కించుకుంది. 2021 చివర్లో నార్త్ కరొలైనాలోని మేయోడన్ నుంచి రూగర్ చేసిన తొలి మార్లిన్ రైఫిల్ బయటికి వచ్చింది. అందుకే సెకండ్‌హ్యాండ్ మార్లిన్ చేతికి తీసుకున్నవాళ్లు ముందుగా గొట్టం మీద ‘జె.ఎం.’ ముద్ర ఉందా అని వెతుకుతారు. ఉంటే అది పాత కనెటికట్ సరుకు. సీరియల్ నంబరు ‘ఆర్.ఎం.’తో మొదలైతే రూగర్ చేసింది.

నేటి హెన్రీ కంపెనీకి బెంజమిన్ హెన్రీతో పేరు తప్ప మరే బంధమూ లేదు. అది 1990లలో బ్రూక్లిన్‌లో పుట్టింది. ఇత్తడి మెరుపుతో, సాఫీగా ఆడే లీవర్‌తో కొత్తవాళ్లను ఆకట్టుకుంటోంది. దీనికి తోడు బ్రెజిల్ నుంచి రోసీ, ఇటలీ నుంచి ఉబెర్టి నకళ్లు వస్తున్నాయి. 2024లో స్మిత్ అండ్ వెసన్ కూడా 1854 అనే మోడల్‌తో ఈ బరిలోకి దిగింది.

వేలి కింద ఏం జరుగుతుంది?

హ్యామర్ వెనక బలమైన స్ప్రింగు ఉంటుంది. హ్యామర్ అడుగున ఒక గాడి, ఆ గాడిలో చిక్కుకుని ‘సియర్’ అనే చిన్న ఉక్కు మొన. ట్రిగ్గర్ నొక్కితే సియర్ గాడి నుంచి జారుతుంది, హ్యామర్ ముందుకు దూకుతుంది. ట్రిగ్గర్ నాణ్యత అంటే ఈ జారుడు ఎలా సాగిందన్నదే.

తుపాకులవాళ్లు దీన్ని నాలుగు ముక్కలుగా విడదీస్తారు. బరువు తగలకుండా ట్రిగ్గర్ ఊరికే కదిలే మేర ‘టేకప్’. బరువు తగిలాక సియర్ గాడి అంచు మీద గీరుకుంటూ కదిలే మేర ‘క్రీప్’. విడిపోయే క్షణం ‘బ్రేక్’. విడిపోయాక కూడా ట్రిగ్గర్ వెనక్కి పోయే మేర ‘ఓవర్‌ట్రావెల్’. వీటిలో గురిని ఎక్కువగా చెడగొట్టేది క్రీప్. ఎప్పుడు విడుస్తుందో తెలియక కాల్చేవాడు చివర్లో ఒక్క గుంజు గుంజుతాడు. తుపాకీ వెనక కొస (బట్) భుజానికి ఆని ఉండగా మీటరు పొడవున్న రైఫిల్ మొన ఒక్క మిల్లీమీటరు కదిలినా, 100 మీటర్ల దూరంలో గుండు దాదాపు 10 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మంచి ట్రిగ్గర్ మాత్రం ఎండుపుల్ల పుటుక్కున విరిగినట్టు విడుస్తుంది.

మరి లీవర్ తుపాకీ ట్రిగ్గర్ బోల్ట్ రైఫిల్ దానిలా ఎందుకుండదు? బోల్ట్ రైఫిల్‌లో ట్రిగ్గర్ విడిగా ఒక చిన్న పెట్టె. అందులోని మీటలు బరువును పంచుకుంటాయి, మరలు తిప్పి సర్దుకోవచ్చు. 2000ల తొలినాళ్లలో సావేజ్ కంపెనీ తెచ్చిన ‘అక్యుట్రిగ్గర్’ తర్వాత చౌక రైఫిళ్లలోనూ తేలికపాటి, శుభ్రమైన ట్రిగ్గర్ మామూలైపోయింది. లీవర్ తుపాకీలో అలా కుదరదు. పెద్ద హ్యామర్ బరువంతా ఆ చిన్న గాడి మీదే ఉంటుంది. పాతకాలపు డిజైన్లలో హ్యామర్‌కు సగం దాకా ఎత్తి నిలిపే రెండో గాడి కూడా ఉంటుంది. పూర్తి గాడిని మరీ లోతు తగ్గిస్తే గుర్రం మీదో, కొమ్మల నడుమనో కుదుపు తగిలినప్పుడు పేలే ప్రమాదం. కాబట్టి ఇక్కడ కొంత బరువు లోపం కిందికి రాదు, అది భద్రత కోసం పెట్టుకున్నది.

అంకె ఒక్కటే చూస్తే...

హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలో ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములు ఉండాలన్నది అంతర్జాతీయ నియమం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు అది 500 గ్రాములే. వాటితో పోలిస్తే కర్మాగారం నుంచి వచ్చే లీవర్ రైఫిళ్లు చాలావరకు నాలుగున్నర నుంచి ఆరున్నర పౌండ్ల మధ్య, అంటే రెండు నుంచి మూడు కిలోల దగ్గర విడుస్తాయి. వించెస్టర్ 94 తుపాకీ మొత్తం బరువే సుమారు మూడు కిలోలు. వేలి మీద అంత బలం పడుతూ కూడా మొన కదలకుండా ఉండాలంటే ఆ బలం ప్రతిసారీ ఒకేలా ఉండాలి.

అందుకే పౌండ్ల లెక్క చూసి రెండు రైఫిళ్లకు మార్కులు వేయడం తప్పుదారి పట్టిస్తుంది. క్రీప్ లేకుండా, ప్రతిసారీ అదే బరువుకు విడిచే అయిదు పౌండ్ల ట్రిగ్గర్ వేటగాడికి నేస్తం. ఒకసారి మూడున్నరకు, ఇంకోసారి నాలుగున్నరకు, మధ్యలో రెండుసార్లు తట్టుకుంటూ విడిచేది కాగితం మీద తేలికే అయినా గురికి శత్రువు.

కౌంటర్ దగ్గర చేయాల్సిన పరీక్ష

ముందు లీవర్ పూర్తిగా దించి గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. గొట్టపు మ్యాగజైన్‌లో ఒక తూటా దాక్కుని ఉండే అవకాశం ఉంటుంది కాబట్టి దాన్నీ పరిశీలించాలి. ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూసేందుకు దుకాణదారు అనుమతి తీసుకోవాలి. డమ్మీ తూటా పెట్టి నొక్కడం మేలు. .22 రకాల్లో ఫైరింగ్ పిన్ గొట్టం అంచుకు తగిలి దెబ్బతీయవచ్చు కనుక, తయారీదారు సరేనంటే తప్ప ఖాళీగా నొక్కకూడదు.

ఒకసారి నొక్కి తేల్చేయకూడదు. ట్రిగ్గర్ గేజ్ ఉంటే అయిదుసార్లు కొలిచి సగటు తీయాలి. సగటుతో పాటు అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య తేడా రాసుకోవాలి. కొలిచే కొక్కెం ప్రతిసారీ ట్రిగ్గర్ మధ్యలోనే ఆనాలి.

వించెస్టర్ 94, మార్లిన్ 336 రకాల్లో లీవర్‌ను పిడికి గట్టిగా అదిమి పట్టుకుంటేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. వదులుగా పట్టుకుని ‘బిగుసుకుపోయింది’ అని పక్కన పెట్టేసేవాళ్లున్నారు. మార్లిన్‌లో ట్రిగ్గర్, సియర్ వేరు వేరు ముక్కలు కావడంతో నొక్కకముందు ట్రిగ్గర్ అటూ ఇటూ ఊగులాడుతుంది. చూడ్డానికి చిరాకే గానీ విడిచే బరువుతో దానికి సంబంధం లేదు. ఆ ఊగులాట పోగొట్టే విడిభాగాలను అమ్మే సంస్థలున్నాయి.

ఇంట్లో కూర్చుని సానరాయితో సియర్ అరగదీసే పని మాత్రం వద్దు. గట్టిపరిచిన పై పొర పలచనిది. అది అరిగితే, కోణం తప్పితే, లీవర్ మూయగానే హ్యామర్ దానంతట అదే పడవచ్చు. ట్రిగ్గర్ లోపం పెద్ద కంపెనీలకూ తప్పలేదు. రెమింగ్టన్ 700 బోల్ట్ రైఫిళ్ల ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. 2014లో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లున్న తుపాకులను ఆ సంస్థే వెనక్కి పిలిపించింది.

మనవాళ్లు కొనాలంటే

మన దేశంలో మామూలు పౌరులు విదేశీ తుపాకీని దిగుమతి చేసుకునే దారి 1980ల నుంచి మూసుకుపోయింది. పేరొందిన షూటర్లకు మాత్రం వెసులుబాటు ఉంది. 2019 సవరణతో ఒక లైసెన్సుదారు దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. కాబట్టి కొనుగోలు ముచ్చట ప్రధానంగా అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లదే.

అక్కడ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర 18 ఏళ్లు నిండినవారు రైఫిల్ కొనవచ్చన్నది ఫెడరల్ చట్టం. కొన్ని రాష్ట్రాలు 21 అంటాయి. 4473 ఫారం నింపాలి, నేర చరిత్ర తనిఖీ దాటాలి. పౌరులకూ గ్రీన్‌కార్డుదారులకూ ఇదే దారి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి మామూలుగా తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికున్న మినహాయింపుల్లో ఒకటి. ఏ మినహాయింపూ లేని మిత్రుడి కోసం గ్రీన్‌కార్డున్న మరొకరు తన పేరున కొనిపెడితే ఇద్దరూ చిక్కుల్లో పడతారు. 2022 చట్టం ప్రకారం ఇలాంటి బినామీ కొనుగోలుకు 15 ఏళ్ల దాకా జైలు.

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లుండే టెక్సస్‌లో, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటకు వెళ్లాలంటే ‘హంటర్ ఎడ్యుకేషన్’ శిక్షణ పూర్తిచేయాలి. తుపాకీ ఖాళీగా ఉందో లేదో చూసుకోవడం, మొనను ఎటు తిప్పి పట్టుకోవాలో తెలుసుకోవడం అక్కడి తొలి పాఠాలు. కౌంటర్ ముందు నిలబడి అయిదుసార్లు ట్రిగ్గర్ నొక్కి చూడబోయే మనిషికి కావలసినవీ అవే.