పేదవాని పాడి – మేక

మన పల్లెలలో ఆవుగాని గేదెగాని లేని ఇండ్లు అనేకములు కలవు. కాని గుడిసె ప్రక్కన గుంజకు కట్టిన మేక ఒక్కటియైనను లేని పల్లె అరుదు. ఆవును కొనుటకు శక్తి చాలనివాడు మేకను కొనును. బిడ్డను బడికి పంపవలసి వచ్చినప్పుడు, ఇంటిలో ఎవరికైనను జబ్బు చేసినప్పుడు, విత్తనములకు చేతిలో పైకము లేనప్పుడు, దానిని సంతకు తోలి అక్కఱ గడుపుకొనును. అందుచేతనే మేకను ‘పేదవాని ఆవు’ అందురు. అది పేదవాడు దాచుకొన్న సొమ్ము. పిల్లలే ఆ సొమ్మునకు వడ్డీ. అయితే పెట్టెలోని సొమ్మునకును ఈ సొమ్మునకును ఒక భేదము కలదు. ఇది ప్రాణముగల సొమ్ము. యజమానుడు శ్రద్ధ వహించినచో రెట్టింపగును. ఏమఱినచో రెండు మూడు దినములలోనే నశించును. మేకల పెంపకమునందు తెలిసికొనదగిన ముఖ్య విషయము ఇదియే.

మనుష్యుడు మొదట మచ్చిక చేసికొన్న పశువులలో మేక యొకటి. ఇరాన్ దేశమునందలి జాగ్రోస్ పర్వత ప్రాంతమున సుమారు 10,000 సంవత్సరములకు పూర్వమే జనులు మేకలను పెంచిరని త్రవ్వకములలో దొరకిన ఎముకలవలన తెలియుచున్నది. ఆ కొండలలో తిరుగు బెజోవర్ అను అడవి మేకయే నేటి పెంపుడు మేకలకు మూలము. కొండ చఱియలపై పెరిగిన జాతి గావుననే, నేటికిని మన మేక ఎత్తైన బండను చూచినంతనే దానిపై కెక్కి నిలుచుటకు ఉబలాటపడును.

మేకయు గొఱ్ఱెయు ఒకే విధమైన జంతువులని కొందఱు తలంతురు. రెండును నెమరువేయునవే, రెండును చిన్న జీవములే. కాని వాని స్వభావములు వేఱు. గొఱ్ఱె తలవంచి నేలమీది గడ్డిని మేయును. మేక తలయెత్తి ఆకులను, చిగుళ్లను వెదకికొనును. వెనుక కాళ్లపై నిలిచి కొమ్మలను అందుకొనును. చురుకుగా కదలు పై పెదవితో ముండ్లనడుమనున్న ఆకును సైతము నేర్పుగా తుంచికొనును. గొఱ్ఱెలు ఒకదాని వెనుక నొకటి గ్రుడ్డిగా నడచును. దానినే మనవారు గొఱ్ఱెదాటు అందురు. మేక తన దారి తాను చూచుకొనును. గొఱ్ఱె తోక క్రిందికి వ్రేలాడును. మేక తోక సాధారణముగా పైకి లేచియుండును. కొన్ని మేకల మెడక్రింద రెండు తోలు తిత్తులు వ్రేలాడుచుండును. వానివలన పాలు రావు. కావుననే నిష్ప్రయోజనమైన దానిని ‘మేక మెడ చన్ను’ అనుట వాడుకయైనది.

2019లో జరిగిన పశుగణన ననుసరించి మన దేశమున సుమారు 14.88 కోట్ల మేకలు కలవు. వానలు తక్కువైన మెట్ట ప్రాంతములలో మేక మనుష్యునకు పెద్ద అండ. దేశములో మిక్కిలి తక్కువ వర్షము కురియు జిల్లాలలో నొకటియైన అనంతపురము వంటిచోట, పైరు ఎండిపోయిన సంవత్సరమున గూడ తుమ్మ, రేగు, వేప చెట్లకు కొంత ఆకు మిగిలియుండును. ఆవు ముట్టని ఆ ఆకును తిని, మేక పాలను, మాంసమును, ఎరువును ఇచ్చును. మేకపాలలోని వెన్న కణములు చిన్నవి. అందుచే అవి సులభముగా జీర్ణమగును. ఆవుపాలను, గేదెపాలను మానుకొన్న గాంధీ మహాత్ముడు, 1918లో తీవ్రముగా జబ్బుపడిన పిదప, కస్తూరిబా మాట మన్నించి మేకపాలు త్రాగ నారంభించెను.

మన దేశమున మేక జాతులు అనేకములు. యమునా చంబల్ నదుల తీరమునందలి ఇటావా ప్రాంతపు జమునాపారి పొడవైన చెవులతో, వంపు తిరిగిన ముక్కుతో గంభీరముగా నుండును. దీనిని ఆంగ్లేయులు తమ దేశమునకు కొనిపోయి, అచ్చటి మేకలతో కలిపి ఆంగ్లో నూబియన్ అను జాతిని పెంపొందించిరి. పొట్టిదైన బార్బరి ఇంటిపట్టున కట్టి మేపుటకు అనువైనది. బ్లాక్ బెంగాల్ చిన్నదేయైనను, ఒక్క కాన్పున రెండు మూడు పిల్లల నీనును. దాని చర్మము మిక్కిలి మేలైనది. మహారాష్ట్రములోని ఉస్మానాబాదీ మెట్ట ప్రాంతములకు తగినది. ఈ జాతులను గూర్చి పరిశోధించుటకు ఉత్తరప్రదేశములో మథుర సమీపముననున్న మఖ్దూమ్ గ్రామమున 1979లో కేంద్ర మేకల పరిశోధన సంస్థ నెలకొల్పబడినది. అయినను క్రొత్తగా పెంపకమునకు పూనుకొనువాడు దూరదేశపు జాతులకై వెంపరలాడక, తన ప్రాంతపు ఎండకు, వానకు, మేతకు అలవాటుపడిన ఆరోగ్యవంతములైన మేకలతో ఆరంభించుటయే మేలు.

ఇక లాభనష్టముల లెక్కను చూతము. మేక సుమారు 150 దినములు, అనగా ఐదు నెలలు, చూలు మోయును. చక్కగా మేపినచో రెండేండ్లలో మూడు కాన్పులు పొందవచ్చును. ఒక కుటుంబమువారికి 10 ఆడమేకలున్నవనుకొందము. రెండేండ్లలో 30 కాన్పులగును. కొన్ని ఒక్క పిల్లను, కొన్ని కవలలను ఈనుటచే రెండు కాన్పులకు మూడు పిల్లల చొప్పున లెక్కించినచో 45 పిల్లలు పుట్టును. వానిలో ఐదు చచ్చినచో 40 మిగులును. ఇరువది చచ్చినచో 25 మాత్రమే మిగులును. తల్లుల మేతకు, కాపలాకు పడిన శ్రమ రెండు విధములను ఒక్కటే. కాబట్టి పుట్టిన పిల్లల సంఖ్యనుబట్టి గాక, బ్రతికి పెరిగిన పిల్లల సంఖ్యనుబట్టియే లాభము నిర్ణయింపబడును.

పిల్లలు బ్రతుకవలెనన్న మొదట కొట్టము బాగుండవలెను. మేక ఎండకు ఓర్చును, ఆకలికి కొంత ఓర్చును. కాని తడికి ఓర్వదు. కావున కొట్టమును నీరు నిలువని మిట్ట స్థలమున, తూర్పు పడమరలకు పొడవుగా కట్టవలెను. పెద్ద మేక యొక్కదానికి సుమారు 10 చదరపు అడుగుల చోటుండవలెను. వానలు మెండైన చోట నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున వెదురు బద్దలతోగాని కొయ్య పలకలతోగాని మంచెవలె అమర్చి, దానిపై మేకలను ఉంచుట మంచిది. బద్దల నడుమ సన్నని సందులుంచినచో పెంటికలు, మూత్రము క్రిందికి జారిపోవును. మంచె ఆరియుండును, క్రింద చేరిన పెంట పొలమునకు మంచి ఎరువగును. పోతును, చూలు మేకలను, పిల్లలను వేఱువేఱుగా నుంచవలెను. ఇరువది ఇరువదియైదు ఆడమేకలకు ఒక మంచి పోతు చాలును. ఆ పోతును రెండేండ్లకొకసారి మార్చవలెను. లేనిచో దాని సంతతితోనే అది కలిసి, పుట్టు పిల్లలు బలహీనములగును.

మేక ఏదైనను తినునని లోకము చెప్పుకొనును గాని, అది నిజము కాదు. మేక మిక్కిలి ఏరుకొని తినును. తొక్కిన మేతను, మలినమైన నీటిని ముట్టదు. అందుచే మేతను నేలపై పరచక, కట్టగా కట్టి వ్రేలాడదీయవలెను. లేదా ఎత్తైన తొట్టిలో వేయవలెను. పెద్ద మేకకు దినమునకు మూడు నాలుగు కిలోగ్రాముల పచ్చిమేత కావలెను. అవిసె, సుబాబుల్, మునగ, దశరథ గడ్డి వంటివి చేనిగట్లపై పెంచుకొనవచ్చును. అయితే సుబాబుల్ ఆకులో హానికరమైన పదార్థము కొంత కలదు. కావున మొత్తము మేతలో మూడవవంతునకు మించి దానిని పెట్టరాదు. చూలు మేకలకు చివరి రెండు నెలలలో కొంత దాణా పెట్టినచో పిల్లలు బలముగా పుట్టును. తల్లికి పాలును సమృద్ధిగా నుండును.

పిల్ల పుట్టిన తోడనే ముక్కును, నోటిని శుభ్రపరచి, బొడ్డును కోసి అయొడిన్ మందు పూయవలెను. అరగంటలో, లేదా గంటలోపల, ముఱ్ఱుపాలు త్రాగింపవలెను. మాయ పడువరకు ముఱ్ఱుపాలు ఇయ్యరాదని కొందఱు చెప్పుదురు. ఇది గొప్ప పొరపాటు. వ్యాధులను ఎదిరించు శక్తి పిల్లకు తల్లి గర్భములో లభింపదు. అది ముఱ్ఱుపాలవలననే వచ్చును. పిల్ల ప్రేవులు ఆ శక్తిని గ్రహించు సామర్థ్యము గంట గంటకు తగ్గి, ఒక దినములో దాదాపు నశించును. తొలి గంటలో త్రాగని పిల్ల, పైకి ఆరోగ్యముగా కనబడినను, తొలి వానలకే జబ్బుపడవచ్చును.

తొలకరి వానలకు నేల పచ్చబడినప్పుడు కాపరికి ఆనందము కలుగును. కాని ఆ కాలమే మందకు గండము. ఆకలిగొన్న జీవాలు లేత పచ్చికను ఒక్కసారిగా మెక్కినప్పుడు, ప్రేవులలోనున్న సూక్ష్మజీవులు విపరీతముగా పెరిగి విషమును పుట్టించును. దీనిని చిటుక రోగమందురు. బాగుగా బలిసిన పిల్లలే ముందుగా, చికిత్సకు వ్యవధి లేకుండ చచ్చును. వానకాలమునకు ముందే టీకా వేయించుట, పచ్చికకు కొద్దికొద్దిగా అలవాటు చేయుట దీనికి నివారణము. మఱియొక మహమ్మారి పి.పి.ఆర్. వ్యాధి. మన దేశమున దీనిని 1987లో తమిళనాడులో మొదట గుర్తించిరి. జ్వరము, కన్ను ముక్కులనుండి కారుట, నోటిలో పుండ్లు, విరేచనములు, రొప్పు దీని లక్షణములు. ఇది మందలో ఒకదానినుండి మఱియొకదానికి శీఘ్రముగా ప్రాకును. అయినను ఒక్క టీకా మూడేండ్లు రక్షణ నిచ్చును. 2030 నాటికి ఈ వ్యాధిని భూమిమీద లేకుండ చేయవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి. సంతనుండి తెచ్చిన క్రొత్త మేకను రెండు మూడు వారములపాటు మందకు దూరముగా నుంచినచో, ఇట్టి రోగములు చాలవఱకు ఇల్లు చేరవు.

కంటికి కనబడక నష్టము చేయునవి కడుపులోని నట్టలు. వానకాలపు ఉదయమున గడ్డిపై తడి యుండగా నట్టల పిల్లలు గడ్డిపోచల కొనలకు ప్రాకును. కావున మంచు ఆరిన పిదపనే మేకలను మేతకు వదలవలెను. వానలకు ముందును, వానల పిదపను పశువైద్యుని సలహాతో నట్టల మందు త్రాగింపవలెను.

ఇంత శ్రమపడి పెంచిన మేకను అమ్మునప్పుడు అనేకులు మోసపోవుచున్నారు. బేరగాడు కంటితో చూచి అంచనా కట్టి ధర చెప్పును; బరువు తెలియని రైతు ఒప్పుకొనును. త్రాసు లేనిచోట టేపు చాలును. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజపు మొననుండి పిరుదు ఎముకవఱకు పొడవును అంగుళములలో కొలువవలెను. చుట్టుకొలతను దానిచేతనే హెచ్చించి, దానిని పొడవుచే హెచ్చించి, 660చే భాగించినచో బరువు సుమారుగా కిలోగ్రాములలో వచ్చును. చుట్టుకొలత 26 అంగుళములు, పొడవు 24 అంగుళములు అయినచో, ఆ మేక బరువు దాదాపు 24.6 కిలోగ్రాములు. బడిలో నేర్చిన గుణకార భాగహారములు తండ్రికి సంతలో ఇట్లు అక్కఱకు వచ్చును.

మేకపై ఒక నింద కలదు. అది మొక్కలను మొదలంట మేసి అడవిని పాడుచేయునందురు. దక్షిణ అమెరికాకు పడమట గాలపాగోస్ ద్వీపములు కలవు. వానిలో పింటా అను చిన్న దీవిలో 1959లో జాలరులు మూడు మేకలను వదలిరి. అడ్డగించు మృగములు లేకపోవుటచే కొలది యేండ్లలోనే అవి వేలసంఖ్యకు పెరిగి, అచ్చటి చెట్టుచేమలను నాశము చేసినవి. తుదకు వానినన్నిటిని నిర్మూలింపవలసి వచ్చెను. ఇందు దోషము మేకది కాదు; దానిని వదలి వెళ్లిన మనుష్యునిది. నేలకు తగినన్ని మేకలనే ఉంచుకొని, లేత మొక్కలున్న చోట వదలక, మేతను కోసి తెచ్చి పెట్టినచో ఆ నింద తొలగును.

విద్యార్థులారా! మీ ఇంటగాని మీ పొరుగునగాని మేకలుండిన ఒక చిన్న పుస్తకము కుట్టి, ఏ మేక ఎప్పుడు ఈనినది, పిల్లలెన్ని, ఎన్ని బ్రతికినవి, టీకా ఎన్నడు వేసిరి, ఎంత బరువునకు అమ్మిరి అను వివరములను వ్రాయుడు. ఏడాది గడచిన పిదప దానిని తిరుగవేసినచో, ఏ తల్లి సంతతి బాగుగా పెరుగుచున్నది, ఏ నెలలో పిల్లలు ఎక్కువగా చచ్చుచున్నవి అను సంగతులు మీకు విశదమగును. పది మేకలు గల పేద కుటుంబమునకు అట్టి పుస్తకము ఒక క్రొత్త మేకను కొని ఇచ్చుటకంటె మిన్న.