పేరులో దాగిన కనబడని గుర్తులు

మన తెలకపల్లి మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరినది. ఈ రెండు జిల్లాల పేర్లను కంప్యూటరుపై సరిగా వ్రాయుటకు కంటికి కనబడని ఒక గుర్తు కావలెను. యూనికోడ్ పద్ధతిలో దాని సంఖ్య 8204. అది లేనిచో ‘నాగర్కర్నూల్’, ‘మహబూబ్నగర్’ అని ఒక హల్లు మరియొక దానికి వత్తుగా మారిపోవును.

చదువరికి రెండును ఒకటే. యంత్రమునకు సాధారణముగా అవి వేర్వేరు పదములు. ఒక రూపముతో వెదకినచో రెండవది దొరకదు. విద్యార్థి పేరు పట్టికలో ఉండియు ‘లేదు’ అను సమాధానము వచ్చుటకు ఇట్టి గుర్తులు కారణము కావచ్చును.

డేటాబేసును ప్రశ్నించు భాషయగు ఎస్.క్యూ.ఎల్.లో ఇందులకు సాధనములు కలవు. ‘ట్రిమ్’ పదమునకు ముందు వెనుకల నున్న ఖాళీలను తొలగించును. ‘రాము’ మనకు రెండక్షరములు; యంత్రము ర, దీర్ఘము, మ, కొమ్ము అని నాలుగు లెక్కించును. ఐదు వచ్చినచో ఏదియో దాగియున్నదని గ్రహింపవలెను. వెబ్ పేజీల నుండి నకలు చేసిన వ్రాతలో 160వ సంఖ్య గల ఖాళీ రావచ్చును. దానిని ట్రిమ్ సాధారణముగా ముట్టదు. అపుడు ‘రిప్లేస్’తో దాని స్థానమున మామూలు ఖాళీని ఉంచి, పిదప ట్రిమ్ చేయవలెను.

ఉర్దూలో చిక్కు వేరు. అరబ్బీ ‘యే’ సంఖ్య 1610, ఉర్దూ ‘యే’ సంఖ్య 1740. ‘రహీం’ వంటి పేరు నడుమ రెండును ఒకే తీరున కనబడును. ‘కరీం’ మొదటనున్న ‘కాఫ్’ సైతము అట్టిదే: అరబ్బీది 1603, ఉర్దూది 1705. వీనిని తొలగింపరాదు, ఒకే సంఖ్యకు మార్చవలెను.

ఇంగ్లీషు కొరకు వ్రాసిన సూత్రములను మన భాషలకు యథాతథముగా వాడుట ప్రమాదకరము. ‘రోమను అక్షరములు, అంకెలు తప్ప అన్నియు తీసివేయుము’ అన్నచో తెలుగు, ఉర్దూ పేర్లు పూర్తిగా మాయమగును. ‘అక్షరములు మాత్రమే ఉంచుము’ అన్నను గుణింతపు గుర్తులు అక్షరముల లెక్కలోనికి రావు గనుక, ‘రాము’ కాస్త ‘రమ’ యగును. అబ్బాయి పేరు అమ్మాయి పేరైనది!

కావున మూలమును చెరుపక, శుభ్రపరచిన రూపమును వేరొక గడిలో ఉంచవలెను. ‘అప్‌డేట్’ ఆజ్ఞ ఇచ్చుటకు ముందు ‘సెలెక్ట్’తో పాత, క్రొత్త రూపములను ప్రక్కప్రక్కన చూడవలెను. వెదకుటకు శుభ్రపరచిన రూపము, ధ్రువపత్రముపై ముద్రించుటకు మూలరూపము వాడవలెను. ఎవరి పేరు వారు వ్రాసికొన్నట్లే నిలుచుట వారి హక్కు. దానిని కాపాడుట పట్టికను నడుపువారి బాధ్యత.