'మహిమగల' అను విశేషణము: మధ్యయుగపు ఆంగ్ల అర్థములు, ఉత్తరాంధ్ర సంఘమునకు వాటి పాఠము

ఉపోద్ఘాతము

మన సంఘములలో 'మహిమ' అను మాట వినబడని ఆరాధన లేదు. ప్రార్థన మొదట ఉన్నది, పాట చివర ఉన్నది, ప్రసంగము నడుమ ఉన్నది. 'మహిమ ఘనత ప్రభావములు' అని మూడు మాటలను ఒకే ఊపిరిలో పలుకుట మనకు అలవాటు. అయితే ఒక మాట ఎంత ఎక్కువగా వాడబడునో దాని అర్థమును మనము అంత తక్కువగా పరీక్షించుదుము. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల గ్రామములలో సేవ చేయుచున్న పాస్టరు 'దేవుని మహిమ' అన్నప్పుడు, వినువారి మనస్సులో ఏ తలంపు పుట్టుచున్నది? ఇది భాషాశాస్త్రజ్ఞులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. సువార్త వినువారికి చేరినదా లేదా అను ప్రశ్న.

ఈ వ్యాసములో మనము 'గ్లోరియస్' అను ఆంగ్ల విశేషణమునకు మధ్యయుగములో ఉండిన అర్థములను ముందు పరిశీలించుదము. ఆ తరువాత మన ప్రాంతపు తెలుగులో దానికి సాటియైన మాటలను దాని ప్రక్కన పెట్టి చూచెదము. మన వేదాంత గ్రంథములలో అధికభాగము ఆంగ్లమునుండియే మనకు వచ్చుచున్నవి గనుక ఈ మాట చరిత్ర మనకు ప్రయోజనకరము.

1. ఆంగ్లములోనికి ఈ మాట వచ్చిన విధము

ప్రాచీన ఆంగ్లములో 'గ్లోరియస్' అను మాట లేదు. లత్తీను బైబిలులోని 'గ్లోరియా' అను పదమునకు ఆనాటి ఇంగ్లండు క్రైస్తవులు 'వుల్డర్' అను తమ స్వంత మాటను వాడిరి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత, రాజసభలోను, న్యాయస్థానములోను, ఉన్నత పదవులలోనున్న గురువుల నోటను ఫ్రెంచి భాష స్థిరపడెను. పదమూడవ శతాబ్దములో 'గ్లోరియస్' ఫ్రెంచి ద్వారా ఆంగ్లములో ప్రవేశించెను. దాని మూలము లత్తీనులోని 'గ్లోరియోసుస్'. క్రమముగా 'వుల్డర్' అను దేశీయ పదము పూర్తిగా మరుగైపోయెను.

ఇట్లు పైనుండి వచ్చిన మాటకు గౌరవము ఎక్కువ, కాని సామాన్యుని చెవికి అది దూరము. మన భాషలోను ఇట్టి స్థితియే ఉన్నది. 'మహిమ', 'ప్రభావము', 'తేజస్సు' సంస్కృతమునుండి వచ్చినవి. 'గొప్ప', 'వెలుగు', 'బరువు' మన ఇంటి మాటలు.

2. మధ్యయుగములోని మూడు అర్థములు

మొదటిది, ఘనతకు పాత్రమైనది అను అర్థము. దేవునికి, క్రీస్తునకు, మరియమ్మకు, పరిశుద్ధులకు, హతసాక్షులకు ఈ విశేషణమును చేర్చుచుండిరి. ఇచ్చట ఈ మాట వ్యక్తి గుణమును వర్ణించుటకంటె, ఆయనకు చెల్లవలసిన గౌరవమును తెలుపును. అదే విధముగా రాజులకును, వారి విజయములకును వాడబడెను.

రెండవది, ప్రకాశము అను అర్థము. సూర్యకాంతి, కిరీటము, రాజవస్త్రములు, పరలోకమందలి వెలుగు ఈ మాటతో వర్ణింపబడెను. తోమా అక్వినాసు (1225–1274) 'గ్లోరియా' అను పదమును వివరించుచు, దానిలో 'క్లారితాస్', అనగా స్పష్టమైన వెలుగు, అను భావము ఉన్నదని చెప్పెను. దాగియున్న మంచితనము అందరికి కనబడునట్లు వెలుగులోనికి వచ్చుటయే ఆయన వివరణలోని సారము. 1380వ దశకములో విక్లిఫ్ అనుచరులు లత్తీనునుండి బైబిలును ఆంగ్లములోనికి తెచ్చినప్పుడు ఈ భావము వారి అనువాదములో నిలిచెను. యోహాను 17వ అధ్యాయములో లత్తీను బైబిలు 'క్లారితాస్' అని వాడియుండుటచేత, వారును తెలివెలుగు అను అర్థమిచ్చు మాటను వాడిరి. 1526లో విలియం టిండేలు గ్రీకు మూలమునుండి నేరుగా అనువదించినప్పుడు ఆ స్థలములో 'గ్లోరీ'కి సంబంధించిన మాట వచ్చెను. తరువాతి ఆంగ్ల బైబిళ్లు ఆ దారినే నడిచినవి.

మూడవ అర్థము మనలను హెచ్చరించును. లత్తీనులో 'గ్లోరియోసుస్' అనగా కీర్తిగలవాడు మాత్రమే కాదు, గొప్పలు చెప్పుకొనువాడు కూడ. రోమా నాటకకర్త ప్లౌటసు వ్రాసిన 'మీలెస్ గ్లోరియోసుస్' అను నాటకములో నాయకుడు బడాయికోరు సైనికుడు. ఈ అర్థము కూడ మధ్యయుగపు ఆంగ్లములోనికి వచ్చెను. డంబముగలవాడు, గర్వి అను భావముతో 'గ్లోరియస్' వాడబడెను. 604లో మరణించిన మహా గ్రెగోరి, ప్రధాన పాపముల పట్టికలో 'వ్యర్థమైన గ్లోరియా'ను చేర్చెను. గర్వమును వాటన్నిటికి వేరుగా చూపెను.

దేవునికి చెందిన మాటయే మనుష్యుని చేతిలో పడి పాపము పేరు అగుట గమనింపదగినది. మాట మారలేదు, దాని యజమాని మారెను.

3. మన ప్రాంతపు మాటలు

మన ఉత్తరాంధ్రకును ఘనతను, శోభను తెలుపు విశేషణముల చరిత్ర దీర్ఘమైనదే. శ్రీకాకుళము, శ్రీకూర్మము, శ్రీముఖలింగము అను ఊరి పేర్లు 'శ్రీ' తోనే ప్రారంభమగుచున్నవి. వేదకాలపు సంస్కృతములో 'శ్రీ' అనగా కాంతి, శోభ, ఐశ్వర్యము. తరువాత అది మనుష్యుల పేర్ల ముందు గౌరవవాచకమాయెను. తూర్పు గంగరాజుల రాజధానియైన కళింగనగరము నేటి ముఖలింగమే అని చరిత్రకారులు గుర్తించిరి. 1078 నుండి 1147 వరకు ఏలిన అనంతవర్మ చోడగంగదేవుని పూర్వికుల తామ్రశాసనములలో 'పరమభట్టారక', 'మహారాజాధిరాజ', 'త్రికళింగాధిపతి' అను బిరుదులు వరుసగా కనబడును. శ్రీకూర్మము ఆలయములో 1281 నాటి నరహరితీర్థుల శాసనము ఉన్నది. మన జిల్లాల జమీందారుల పేర్ల ముందు 'శ్రీ' అను మాటను మూడుసార్లు వ్రాయు ఆచారము పెద్దలకు తెలిసినదే. ఇంగ్లండులోవలె ఇక్కడను శోభను తెలుపు మాట పదవిని తెలుపు మాటగా మారెను.

ఇక డంబము విషయము. తెలుగులో 'గొప్ప' అనగా ఉన్నతమైనది. 'గొప్పలు' అనగానే అర్థము తిరుగబడును. ఎవరైనను 'గొప్పలు చెప్పుకొనుచున్నాడు' అనిన యెడల అది పొగడ్త కాదు. 'ఏమి ఘనకార్యము చేసినావురా' అని తండ్రి కుమారుని అడిగినప్పుడు అక్కడ ఘనత ఏమియు లేదు. విజయనగరములో 1892లో ప్రదర్శింపబడి 1897లో ముద్రితమైన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని గిరీశము, నాలుగు ఆంగ్లపు ముక్కలతో ఊరినంతటిని మురిపించు బడాయికోరు. 'గ్లోరియోసుస్' అను మాట చివరి అర్థమునకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మన ప్రాంతములో దొరకదు.

4. 'మహిమ' అనగానే సంఘము ఏమి వినుచున్నది?

విశాఖపట్నమునకు 1805లో లండను మిషనరీ సంఘము తరపున జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ వచ్చిరి. బ్రాహ్మణ కుటుంబమునుండి క్రీస్తు నొద్దకు వచ్చిన ఆనందరాయరు సహాయముతో అక్కడ సువార్తల అనువాదము సాగెను. ప్రిచ్చెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో ముద్రింపబడెను. పర్లాకిమిడి ప్రాంతమునకు చెందిన పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు నేటికిని మన సంఘములలో పాడబడుచున్నవి. ఇట్టి సేవకుల ప్రయాస ఫలితముగా మనకు బైబిలు భాష యేర్పడెను. ఆ భాషలో 'మహిమ' ప్రధాన పదముగా నిలిచెను.

ఆ ఎంపిక మంచిదే. 'మహత్' అనగా గొప్ప, దానినుండి వచ్చినదే 'మహిమ'. అయితే వాడుకలో ఈ మాట మరియొక దారిని నడిచెను. యోగశాస్త్రమునందు చెప్పబడిన ఎనిమిది సిద్ధులలో ఒకదాని పేరు 'మహిమ'. వాడుక భాషలో 'మహిమలు' అనగా అద్భుతములు. దసరా తరువాత మంగళవారమున విజయనగరములో జరుగు పైడితల్లి సిరిమానోత్సవమునకు వచ్చువారు 'అమ్మవారి మహిమ' అని చెప్పుకొనునప్పుడు, కోరిన కోర్కె తీర్చు శక్తియే వారి తలంపు. మన సంఘస్థులలో అనేకులు ఆ వాడుక నడుమనే పెరిగిరి. ఒకసారి సంఘములో 'దేవుని మహిమ అనగా ఏమి?' అని అడిగి చూడండి. 'స్వస్థతలు', 'అద్భుతములు' అను జవాబులు ముందుగా వచ్చును. పొరుగువారి మాటను మనము తప్పుపట్టనక్కరలేదు. మన మాటను మనము విడమరచి చెప్పలేదు గనుక ఆ లోపము మనదే.

5. లేఖనపు అర్థము

హెబ్రీలో 'కాబోద్' అను పదమునకు మూలార్థము బరువు. 1 సమూయేలు 4వ అధ్యాయములో ఏలీ స్థూలకాయుడై, అనగా బరువైనవాడై, పడి మరణించెను. ఆ దినమే పుట్టిన బిడ్డకు 'ఈకాబోదు' అని పేరు పెట్టబడెను. బరువుగలవాడు పడెను, నిజమైన బరువు ఇశ్రాయేలును విడిచెను. ఇచ్చట మన తెలుగు బైబిలులోని 'ఘనత' మిక్కిలి తగిన మాట. ఏలయనగా 'ఘనము' అనగా సాంద్రమైనది, గట్టిది. తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞలోని హెబ్రీ క్రియయు ఈ మూలమునుండియే వచ్చినది. వారి మాటకు బరువు ఇమ్మని దాని భావము.

గ్రీకులో 'డోక్సా' అనగా మొదట అభిప్రాయము, తరువాత కీర్తి. హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి అనువదించినవారు 'కాబోద్'కు ఈ మాటను ఎంచుకొనుటచేత, బరువును వెలుగును దానిలో కలిసెను. 2 కొరింథీయులకు 4:17లో 'మహిమ భారము' అను ప్రయోగము ఆ కలయికకు సాక్ష్యము. ఫిలిప్పీయులకు 2:3లో 'కెనోడోక్సియా' అను పదమున్నది. వట్టి 'డోక్సా' అని దాని అర్థము. మన బైబిలులో అది 'వృథాతిశయము' అని ఉన్నది. అర్థము సరియే, గాని మహిమ అను మాటతో దానికున్న బంధుత్వము తెలుగులో కనబడదు. బోధకుడు దానిని చూపవలెను.

మహిమను అద్భుతశక్తిగా మాత్రమే తలంచువారికి రెండు లేఖనభాగములు చాలును. నిర్గమకాండము 33వ అధ్యాయములో మోషే దేవుని మహిమను చూడగోరగా, దేవుడు తన మంచితనమును అతని యెదుట దాటజేసెదనని సెలవిచ్చెను. యోహాను 2:11 ప్రకారము కానాలోని సూచక క్రియ యేసు మహిమను బయలుపరచెను. సూచన మహిమను చూపును, సూచనయే మహిమ కాదు. అదే సువార్తలో 12:23 మొదలుకొని మహిమపొందు గడియ సిలువవైపు నడుచుచున్నది. పేతురు విషయములోను (21:19) అతని మరణమే దేవుని మహిమపరచునని వ్రాయబడెను. జబ్బు నయము కాని విశ్వాసి ప్రక్కన కూర్చుండిన పాస్టరు ఈ సత్యమును ఎరిగియుండవలెను. లేనియెడల మహిమ ఆ ఇంటికి రాలేదని ఆ కుటుంబము తలంచును.

ముగింపు

మూడు సంగతులను తోటి సేవకుల యెదుట ఉంచుచున్నాము. మొదటిది, 'మహిమ' అను మాటను బోధించునప్పుడు బరువు, వెలుగు అను ఇంటి మాటలతో విప్పి చెప్పుదము. రెండవది, సిలువను చెప్పకుండ మహిమను చెప్పకుందము. మూడవది, మన సభల ప్రకటనలను చూచుకొందము. వక్త పేరు ముందు బిరుదులు నాలుగు, ఆయన ఛాయాచిత్రము గోడయంత, ప్రభువు నామము అడుగున చిన్న అక్షరములలో ఉన్నయెడల, మధ్యయుగపు ఆంగ్లేయుడు దానిని చూచి 'గ్లోరియస్' అనియే అనును. అయితే మూడవ అర్థముతో.

మనుష్యులవలన వచ్చు మెప్పును కోరువారు నమ్మజాలరను యోహాను 5:44లోని ప్రశ్న పరిసయ్యుల కాలముతో ముగియలేదు. కళింగ రాజుల బిరుదులు రాగిరేకుల మీద మిగిలినవి. మన బిరుదులు కరపత్రముల మీదనే ఉన్నవి. మహిమ ఎవరిదో వారికే చెల్లించుట మన పని.