ఆటల పరిశ్రమ - విదేశీ ప్రయాణము



వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడుటకు మన పల్లెలలో ఖర్చు లేదు. ఇంటి అరుగు, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు. నేడు పిల్లల చేతిలో సెల్‌ఫోను ఆట ఉన్నది. దాని వెనుక పెద్ద పరిశ్రమ ఉన్నదని మనలో అనేకులము ఆలోచించము. బొమ్మలు గీసేవారు, సంగీతము కూర్చేవారు, ప్రోగ్రాములు వ్రాసేవారు, లోపాలు వెదకేవారు వందలమంది ఏళ్ల తరబడి శ్రమిస్తేనే ఒక పెద్ద ఆట తయారవుతుంది.

ముందుగా ఒక భేదము గమనించాలి. పందెము కాసే ఆన్‌లైన్ ఆటలు వేరు. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టము చేసింది. మనము చెప్పుకొనేది ఆటలు తయారుచేసే వృత్తిని గూర్చి. అది గౌరవమైన పనే.

ఎక్కడ ఉన్నది ఈ పని?

బెంగుళూరులో ధ్రువ ఇంటరాక్టివ్ అనే సంస్థ 1997లోనే మొదలైంది. అదే సంవత్సరము ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్, ప్రభుత్వ సహాయముతో కెనడాలోని మాంట్రియల్‌లో స్టూడియో తెరిచింది. ఆ నగరము నేడు ఆటల పరిశ్రమకు పేరుపొందిన కేంద్రము. ఇటువంటి చోట్లకు వెళ్లాలని మన యౌవనస్థులు కూడ కోరుకొంటున్నారు.

అయితే రెండవ వైపు కూడ చూడాలి. 2020లో కరోనా వలన ఇళ్లలో ఉన్న జనులు ఎక్కువగా ఆడారు, సంస్థలు పెరిగాయి. తరువాత ఆ ఊపు తగ్గింది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగములో 1,900 మందిని, యూనిటీ సంస్థ 1,800 మందిని, ఫిబ్రవరిలో సోనీ సుమారు 900 మందిని తగ్గిస్తామని ప్రకటించాయి. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగము పోతే దొరికే గడువు గరిష్ఠముగా 60 రోజులే. ఆలోగా వేరొక సంస్థ దొరకాలి, లేక వీసా మార్చుకోవాలి, లేనిచో దేశము విడువాలి. ఇక్కడ పొలము తాకట్టులో ఉంటే ఆ 60 రోజుల బరువు రెండు దేశాలలో మోయవలసి వస్తుంది.

తల్లిదండ్రులు ఏమి చేయాలి?

పొలము తాకట్టు పెట్టకముందే బిడ్డను ఒక చిన్న ఆట తయారుచేసి చూపమనండి. గోడో, బ్లెండర్ వంటి సాధనాలు ఉచితముగా లభిస్తాయి. ఈ రంగములో పట్టాతోపాటు చేసి చూపిన పనికి ఎంతో విలువ ఉన్నది. ఆరు నెలలు విసుగక చేసినవానికి ఆసక్తి నిజమైనదని తెలుస్తుంది. ఉద్యోగము ఆలస్యమైతే వాయిదాలు ఎవరు కడతారో కుటుంబమంతా కూర్చుని ముందే మాట్లాడుకోవాలి.

ఇంకొక మాట. దూరదేశములో పని పోయిన బిడ్డ సిగ్గుతో ఆ సంగతి ఇంట్లో దాచవచ్చును. ఫోను చేసినప్పుడు ఎంత పంపుతావని కాక, తిన్నావా, పని ఎలా ఉన్నదని ముందు అడుగుదము. ఖాళీ చేతులతో తిరిగివచ్చినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని వెళ్లకముందే చెప్పుదము.