పద్నాలుగు చొక్కాలు... ఒక్క ఇంటర్వ్యూ!

మా మిత్రుడొకడున్నాడు. పేరు రాస్తే ఊరుకోడు కనుక ‘మావాడు’ అనే పిలుద్దాం. 2014లో మేమిద్దరం అమీర్‌పేటలో ఓ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. మావాడికి సినిమాలంటే ప్రాణం. శుక్రవారం వచ్చిందంటే మార్నింగ్ షో. శనివారం వచ్చిందంటే ఆ సినిమాలో హీరోగారు వేసుకున్న చొక్కా కోసం వేట! ఆ ఏడాది ఆషాఢమాసం తగ్గింపు అమ్మకాల్లో చేతిలో ఉన్న నాలుగు వేలూ పోసి ఒకే రోజు ఏడు చొక్కాలు పట్టుకొచ్చాడు. ఉన్నవి ఏడు, తెచ్చినవి ఏడు, వెరసి పద్నాలుగు. హాస్టలంతా గుమిగూడి చూసింది. ‘హీరో’ అన్నారు. మావాడు పొంగిపోయాడు.

రెండు వారాలు తిరక్కుండా ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దున్న పదింటికి వెళ్ళాలి. రాత్రి పదకొండింటికి బట్టల అల్మరా తీశాడు. ఒకదాని వీపు మీద డ్రాగన్. ఒకదానికి రెండు కాలర్లు. ఇంకోటి లైటు పడితే తళతళ మెరుస్తుంది. మరోదానికి జేబు ఒక రంగు, చొక్కా ఒక రంగు. పద్నాలుగూ మంచం మీద పరిచి చూశాం. ఇంటర్వ్యూకి వేసుకెళ్ళదగ్గది ఒక్కటీ లేదు!

చివరికి నా తెల్లచొక్కా ఇచ్చాను. మావాడు నాకంటే జానెడు పొడుగు. చేతులు మణికట్టుకి చాలా పైనే ఆగిపోయాయి. అలాగే వెళ్ళాడు. ఉద్యోగం రాలేదు. చొక్కా వల్ల కాదులేరా అని అందరం సర్దిచెప్పాం. నిజంగానే చొక్కా వల్ల కాకపోవచ్చు. కానీ మావాడు ఆ రాత్రి ఒకే ఒక మాటన్నాడు: “వాళ్ళు ప్రశ్నలడుగుతున్నంతసేపూ నేను చేతులు టేబుల్ కింద దాచుకునే కూర్చున్నాన్రా.”

ఈ వ్యాసం ఆ చేతుల గురించి.

తెర మీద చొక్కా వేరు, ఒంటి మీద చొక్కా వేరు

మన సినిమాలకీ మన చొక్కాలకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. ‘దేవదాసు’ (1953)లో అక్కినేని పంచె, లాల్చీ, పైన కప్పుకున్న శాలువా ఒక తరాన్ని ఊపేశాయి. ‘ఎదురులేని మనిషి’ (1975), ‘యమగోల’ (1977) రోజుల్లో ఎన్.టి.ఆర్. బెల్‌బాటమ్ తొడిగితే ఊరూరా టైలర్లకి చేతినిండా పనే. ఏనుగు చెవులంత కాలర్లు, నేల ఊడ్చే ప్యాంట్లు! సినిమా పత్రికలో బొమ్మ చింపి టైలరు ముందు పెట్టి ‘ఇదిగో, ఇలా కుట్టు’ అనడం అప్పటి కుర్రకారుకి మామూలే. మీ ఇంట్లో ఆ కాలపు ఫొటో ఆల్బం ఉంటే తీసి చూడండి. ఇవాళ చూసి నవ్వుకునే ఫొటో ప్రతి ఇంట్లోనూ ఒకటైనా దొరుకుతుంది. (అదే ఆల్బంలో తెల్లచొక్కా వేసుకున్న బాబాయిని చూసి ఎవరూ నవ్వరు. గమనించండి.)

ఇందులో హీరోల తప్పేం లేదు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971)లో కృష్ణ కౌబాయ్ టోపీ పెట్టుకున్నారంటే ఆ కథ అడిగింది. డ్యూయెట్‌లో ఒక్కో చరణానికీ ఒక్కో డ్రస్సు మారుస్తారంటే ఆ పాట అడిగింది. ఆ చొక్కా పని తెర మీద కాసేపు మెరవడం, అంతే. మన చొక్కా అలా కాదు. బస్సెక్కాలి, చెమట పట్టాలి, బకెట్లో నానాలి, దండెం మీద ఆరాలి, మళ్ళీ సోమవారం ఆఫీసుకి రావాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటే కాలేది నక్కకే!

హీరోలని చూసి నేర్చుకోదగ్గదీ లేకపోలేదు. ‘శివ’ (1989)లో నాగార్జున అందరు కాలేజీ కుర్రాళ్ళలాంటి బట్టల్లోనే కనిపిస్తారు. ‘శ్రీమంతుడు’ (2015)లో మహేష్‌బాబు లుంగీ మీద చొక్కా వేసుకుంటే థియేటర్లు హోరెత్తాయి. ఆ బట్టల్లో వింతేం లేదు. కుదిరాయి, అంతే. రహస్యమంతా ఆ కుదరడంలోనే ఉంది.

షాపు అద్దాల వెనక నిలబడ్డ బొమ్మని చూశారా? చొక్కా ఎంత బిగువుగా, నడుం దగ్గర ఎంత తీరుగా ఉంటుందో! వీలైతే ఓసారి బొమ్మ వెనక్కి వెళ్ళి చూడండి. వీపంతా గుండుసూదులే. బొమ్మకి కూడా ఆ చొక్కా కుదరలేదన్నమాట.

ఆషాఢం ఎందుకొస్తుంది?

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది. బట్టల కొట్లో ఈగలు తోలుకోవాల్సిన నెల. శ్రావణం వచ్చేసరికి పెళ్ళిళ్ళు, వ్రతాలు, కొత్త సరుకు; దానికి చోటు కావాలి. పాత సరుకు కదలాలి. అందుకని ధర తగ్గుతుంది. జూన్ నెలాఖర్లోనో జూలైలోనో మొదలై, కొన్నేళ్ళు ఆగస్టు దాకా సాగుతుంది. మన సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో అక్కడి తెలుగువాళ్ళకీ ఇది తెలిసిందే. తమిళులు దీన్నే ‘ఆడి’ తగ్గింపు అంటారు. పెద్ద బ్రాండ్ల షాపులవాళ్ళు కూడా జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి సీజను సరుకు తీసేస్తారు.

అయితే అందరూ ఆషాఢం ఒక్కటే చూస్తారు. ఏడాది పొడుగునా కన్నేసి ఉంచాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజుకి గుర్తుగా 2015 నుంచీ జరుపుతున్నారు. ఆ రోజుల్లో ఆప్కోలాంటి చేనేత షాపుల్లో తగ్గింపులుంటాయి. మంగళగిరి నూలు గుడ్డ తీసుకుని చొక్కా కుట్టించుకోవడానికి అంతకంటే మంచి అదను లేదు. ఎండాకాలం విజయవాడలో బతికినవాడికి ఆ గుడ్డ విలువ చెప్పక్కర్లేదు! అక్టోబరు 2కి ఖాదీ భాండార్లలో రిబేటు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, నేస్తారు. ఆ పంచె ఖరీదైనదే. కానీ ఒక్కటి కొని జాగ్రత్త చేసుకుంటే పెళ్ళిళ్ళకీ పండగలకీ ఏళ్ళ తరబడి మరోటి వెతుక్కోనక్కర్లేదు.

చలికాలం మన ఊళ్ళల్లోకి వచ్చే టిబెటన్ల స్వెట్టర్ల దుకాణాలు తెలుసుగా? నవంబరులో అందరూ ఎగబడినప్పుడు కాదు, సంక్రాంతి దాటాక వాళ్ళు మూటలు కట్టే ముందు వెళ్ళండి. కోటు సంగతీ అంతే. పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడ్డాక కోటుకి వెళితే అడిగినంతా ఇచ్చుకోవలసిందే.

ఇక కట్ పీసులు. తానులో చివర మిగిలిన ముక్కలు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, పత్తర్‌గట్టీలో, విజయవాడ వస్త్రలతలో ఓపిగ్గా తిరిగితే ఎంత మంచి గుడ్డయినా దొరుకుతుంది. 58 అంగుళాల పన్నా గుడ్డయితే మామూలు ఒళ్ళున్నవాడికి ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకి దాదాపు 1.60 మీటర్లు, ప్యాంటుకి 1.20 మీటర్లు చాలు. పొడుగరులైతే ముందే టైలర్ని అడిగి వెళ్ళండి. ముక్క ఎంత చవకైనా పది సెంటీమీటర్లు తక్కువైతే అది జేబురుమాళ్ళకే!

బోర్డు మీద ‘వరకు’

‘50 శాతం వరకు తగ్గింపు!’ ఇందులో 50 గోడంత ఉంటుంది, ‘వరకు’ చీమంత ఉంటుంది. చదవాల్సింది చీమనే. ‘50 శాతం, ఆ పైన మరో 20 శాతం’ అంటే 70 కాదు. వెయ్యి రూపాయల చొక్కా మొదట ఐదొందలౌతుంది, ఆ ఐదొందల్లో 20 శాతం పోతే నాలుగొందలు. అంటే తగ్గింది 60 శాతమే. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే మూడింట ఒక వంతు తగ్గింపు, అదీ మనకి మూడూ అవసరమైతేనే! మావాడి డ్రాగన్ చొక్కా అలా ఉచితంగా వచ్చిందే.

ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర. ఆ ధర మీద తగ్గింపు ప్రకటించి, బిల్లు దగ్గర మళ్ళీ పన్ను వేస్తే అది సరైన వ్యాపారం కాదని 2017లోనే జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. బిల్లు చూసుకునే డబ్బివ్వండి. మొహమాటం వద్దు.

ఇంకో సంగతి. సేల్ చివరి వారం దాకా ఆగితే ఇంకా తగ్గుతుందని కొందరి ఆశ. తగ్గుతుంది. కానీ అప్పటికి 38, 40, 42 సైజులు ఎగిరిపోయి బక్కవాళ్ళవీ భారీవాళ్ళవీ మిగులుతాయి. మొదటి వారంలోనే, అదీ పొద్దున్నపూట వెళ్ళడం మేలు. జనం తక్కువ, సేల్స్‌మన్‌కి ఓపిక ఎక్కువ.

చేత్తో చూడండి, కళ్ళతో కాదు

చొక్కా భుజం కుట్టు సరిగ్గా మీ భుజం ఎముక చివర పడాలి. కిందికి జారితే అన్నయ్యది వేసుకున్నట్టుంటుంది, పైకి పోతే తమ్ముడిది వేసుకున్నట్టు! భుజం తప్పితే ఎంత చవకైనా వదిలేయండి. దాన్ని సరిచేయడమంటే చొక్కా విప్పి మళ్ళీ కుట్టడమే. నడుం వదులైతే ఫరవాలేదు, టైలరు ఇట్టే పట్టేస్తాడు. చేతులు పొడుగైతే తగ్గించొచ్చు, పొట్టయితే పెంచలేం. కాలరు గుండీ పెట్టుకున్నాక రెండు వేళ్ళు దూరాలి. తడి జేబురుమాలుతో చొక్కా లోపలి అంచు మీద రుద్దండి. రంగు అంటిందా, మీ బనియన్లకి మూడినట్టే. ప్యాంటు లోపలివైపు తిప్పి కాలి అంచులో మడత ఎంతుందో, నడుం వెనక కుట్టులో గుడ్డ ఎంత వదిలారో చూడండి. అది మీ రేపటి పొట్టకి పెట్టుబడి!

మావాడిప్పుడు ఇవన్నీ కంఠతా అప్పచెబుతాడు. ఆ ఇంటర్వ్యూ తర్వాత మూడు నెలలకి వేరేచోట ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఒకటే తెల్లచొక్కా కొన్నాడు, చేతులు సరిపోయేది. ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెం. 2015 ఆషాఢంలో ముదురు బూడిదరంగు ప్యాంటు, లేతనీలం చొక్కా. 2016 జనవరి సేల్‌లో బ్రౌన్ తోలు బూట్లు, అదే రంగు బెల్టు. మరుసటేడు నేవీబ్లూ ప్యాంటు, ముదురు నీలం జీన్సు. మంగళగిరి చొక్కాలు రెండు. ఓ పంచె. చెల్లెలి పెళ్ళికి రెండు నెలల ముందే కోటు కుట్టించాడు. దాదాపు నాలుగేళ్ళు పట్టింది. చిత్రమేమంటే ఆ అల్మరాలో ఏ చొక్కా తీసినా ఏ ప్యాంటు మీదకైనా నప్పుతుంది. రాత్రి పదకొండింటికి మంచం మీద పరిచి చూసుకోవాల్సిన పని లేదు.

లెక్క కూడా మావాడే చెప్పాడు. ఆ బూడిదరంగు ప్యాంటు 1800. నూటయాభై సార్లయినా వేసుకునుంటానన్నాడు. అంటే పూటకి 12 రూపాయలు. డ్రాగన్ చొక్కా మీద ధర 699. సరే, ఉచితమే అనుకోండి. దాన్ని ఉచితం చేయడానికి కొన్న చొక్కా ధరా 699, వేసుకున్నది మూడుసార్లు. పూటకి 233!

చాలా ఏళ్ళ తర్వాత మొన్న మళ్ళీ ఓ సేల్‌కి ఇద్దరం కలిసి వెళ్ళాం. మావాడి జేబులో చీటీ, చేతిలో అంగుళాల టేపు. గంటసేపు తిరిగాడు. ఓ చొక్కా తీశాడు, భుజం చూశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు, చూశాడు, పెట్టేశాడు. సేల్స్‌మన్ నాలుగు చొక్కాలు పరిచి, “సార్, ఇంకొకటి తీసుకుంటే ఒకటి ఫ్రీ” అన్నాడు. “నాకొద్దు బాబూ, బెల్టు ఒక్కటే పాతదైంది” అని బెల్టు మాత్రం తీసుకుని బిల్లు కట్టేశాడు.

నేను మాత్రం, రాయడానికే సిగ్గేస్తోంది, ఓ పూల చొక్కా కొన్నాను. ఇంకా వేసుకోలేదు.